మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జికి స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్: చుట్ల నిష్పత్తిని ఎంచుకొనే విధానం

గ్రామఫోన్ రికార్డు గాడిలో ప్రయాణించే ముల్లు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న పరికరాన్ని కార్ట్రిడ్జి అంటారు. వీటిలో ప్రధానంగా రెండు రకాలు ఉన్నాయి. తీగచుట్ట స్థిరంగా ఉండి, ముల్లుతో పాటు అయస్కాంతం కదిలితే అది మూవింగ్ మాగ్నెట్ రకం. అయస్కాంతం స్థిరంగా ఉండి, ముల్లుతో పాటు తీగచుట్ట కదిలితే అది మూవింగ్ కాయిల్ రకం. రెండింటికీ ఆధారం 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే.

మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జి ఇచ్చే వోల్టేజి అతి స్వల్పం. దానిని యాంప్లిఫైయర్ స్వీకరించగల స్థాయికి పెంచే సాధనాలలో స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి. దీనిని కొనేవారిలో చాలామంది, ఎక్కువ రెట్లు పెంచేదే మేలైనదని భావిస్తారు. ఇది పొరపాటు అభిప్రాయం. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని పెంచడంతో పాటు కార్ట్రిడ్జిపై పడే విద్యుత్ భారాన్ని కూడా నిర్ణయిస్తుంది. ఒక హద్దు దాటిన తరువాత చుట్ల నిష్పత్తి పెరిగే కొద్దీ వోల్టేజి తగ్గడం మొదలవుతుంది. ఈ విషయం తెలియక కొన్న ఖరీదైన పరికరం ధ్వనిని మెరుగుపరచడానికి బదులు చెడగొట్టవచ్చు.

సంకేతం స్వల్పంగా ఉండటానికి కారణం

ముల్లు సెకనుకు వేలసార్లు కంపించాలి. దానికి అతికిన తీగచుట్ట బరువైనదైతే ముల్లు గాడిలోని సూక్ష్మమైన మలుపులను అనుసరించలేదు. అందుచేత సన్నని తీగతో కొద్ది చుట్లు మాత్రమే చుడతారు. చుట్లు తక్కువైతే పుట్టే వోల్టేజి కూడా తక్కువే. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జి సాధారణంగా 3 నుంచి 6 మిల్లీవోల్టులు ఇస్తే, మూవింగ్ కాయిల్ రకం 0.2 నుంచి 0.5 మిల్లీవోల్టుల వరకే ఇస్తుంది. సుమారు 2 మిల్లీవోల్టులు ఇచ్చే అధిక వోల్టేజి మూవింగ్ కాయిల్ నమూనాలు కూడా ఉన్నాయి. వాటికి ట్రాన్స్‌ఫార్మర్ అవసరం ఉండదు.

డెన్మార్క్‌కు చెందిన ఆర్టొఫోన్ సంస్థ స్టీరియో రికార్డుల కోసం 1959లో ఎస్.పి.యు. కార్ట్రిడ్జిని వెలువరించింది. జపాన్‌లో డెనాన్ సంస్థ 1960ల ఆరంభంలో ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. సహకారంతో డి.ఎల్.-103ను రూపొందించింది. ఈ రెండూ ఎంపిక సమస్యకు రెండు చివరల ఉదాహరణలు. మొదటిది అల్పావరోధ శ్రేణికి చెందినది. రెండవదాని అవరోధం 40 ఓమ్‌లు.

ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసే తీరు

వీధి చివర స్తంభంపై ఉండే ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను గృహావసరాలకు తగిన స్థాయికి తగ్గిస్తుంది. కార్ట్రిడ్జి ట్రాన్స్‌ఫార్మర్ అదే సూత్రంపై ఎదురు దిశలో పనిచేస్తుంది. ప్రాథమిక తీగచుట్టలో కంటే గౌణ తీగచుట్టలో పది రెట్లు చుట్లు ఉంటే వోల్టేజి పది రెట్లవుతుంది. దీనిని 1:10 నిష్పత్తి అంటారు.

అయితే ట్రాన్స్‌ఫార్మర్ శక్తిని సృష్టించదు. గడ్డపారతో బండను పెకలించేటప్పుడు బలం పెరిగిన మేరకు కదిలే దూరం తగ్గుతుంది. అదే విధంగా ఇక్కడ వోల్టేజి పెరిగిన మేరకు విద్యుత్ ప్రవాహం తగ్గుతుంది. దీనికి కరెంటు సరఫరా అక్కరలేదు. ట్రాన్సిస్టరుగాని వాల్వుగాని ఉండదు కాబట్టి వాటి నుంచి పుట్టే రొద కూడా ఉండదు. బలహీనమైన సంకేతం యాంప్లిఫైయర్ రొదకు లోబడక ముందే పైకి వస్తుంది. వాల్వు యాంప్లిఫైయర్ల కాలంలో దీనికి ఆదరణ లభించడానికి ఇదే ముఖ్య కారణం.

భారం లెక్క

మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జి కోసం ఏర్పాటు చేసిన యాంప్లిఫైయర్ ప్రవేశ అవరోధం సాధారణంగా 47,000 ఓమ్‌లు. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ చేరితే కార్ట్రిడ్జికి ఈ విలువ యథాతథంగా కనిపించదు. 1:10 నిష్పత్తిలో యాంప్లిఫైయర్‌కు చేరే వోల్టేజి పది రెట్లు కావడం వల్ల అది తీసుకొనే ప్రవాహం పది రెట్లవుతుంది. ఆ ప్రవాహాన్ని అందించడానికి ప్రాథమిక తీగచుట్టలో మళ్లీ దానికి పది రెట్ల ప్రవాహం అవసరం. అనగా కార్ట్రిడ్జి మొత్తం వంద రెట్ల ప్రవాహం ఇవ్వాలి. కాబట్టి యాంప్లిఫైయర్ అవరోధాన్ని నిష్పత్తి వర్గంతో భాగిస్తే కార్ట్రిడ్జిపై పడే భారం తెలుస్తుంది. 1:10కి అది 470 ఓమ్‌లు, 1:20కి 117.5, 1:30కి సుమారు 52, 1:40కి సుమారు 29 ఓమ్‌లు. ఓమ్‌ల విలువ తగ్గే కొద్దీ భారం పెరిగినట్లు గ్రహించాలి.

డి.ఎల్.-103 ఉదాహరణ

ఈ కార్ట్రిడ్జి 0.3 మిల్లీవోల్టులు ఇస్తుంది. దాని 40 ఓమ్‌ల అంతర అవరోధంలో కొంత వోల్టేజి నష్టమై, మిగిలినదే ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ సొంత నష్టాలను పక్కన పెడితే యాంప్లిఫైయర్‌కు అందే విలువలు ఇలా ఉంటాయి:

1:10 నిష్పత్తికి సుమారు 2.8 మిల్లీవోల్టులు
1:20 నిష్పత్తికి సుమారు 4.5 మిల్లీవోల్టులు
1:30 నిష్పత్తికి సుమారు 5.10 మిల్లీవోల్టులు
1:40 నిష్పత్తికి సుమారు 5.08 మిల్లీవోల్టులు

1:10 నుంచి 1:20కి మారితే గణనీయమైన లాభం ఉంది. 1:20 నుంచి 1:30కి లాభం అల్పం. 1:40కి లాభం లేకపోగా స్వల్ప నష్టం కనిపిస్తుంది. భారం కార్ట్రిడ్జి అవరోధంతో సమానమయ్యే చోట, అంటే ఇక్కడ 1:34 దగ్గర, వోల్టేజి గరిష్ఠమవుతుంది. అయితే ఆ గరిష్ఠ స్థితిలో కార్ట్రిడ్జి పుట్టించిన వోల్టేజిలో సగం దానిలోనే నష్టమవుతుంది. అందుచేత భారం అంతర అవరోధానికి కనీసం మూడు రెట్లు, వీలైతే పది రెట్ల వరకు ఉండేలా చూడటం మంచి పద్ధతి. ఈ ప్రకారం డి.ఎల్.-103కు 1:10 నుంచి 1:20 వరకు నిష్పత్తి తగినది.

అల్పావరోధ కార్ట్రిడ్జి విషయం వేరు. అవరోధం 2 ఓమ్‌లు, వోల్టేజి 0.2 మిల్లీవోల్టులు అనుకొంటే, 1:10తో 2 మిల్లీవోల్టులు మాత్రమే లభిస్తాయి. 1:30తో సుమారు 5.8 మిల్లీవోల్టులు లభిస్తాయి. భారం 52 ఓమ్‌లైనా అది అంతర అవరోధానికి 26 రెట్లు కాబట్టి ఇబ్బంది ఉండదు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ ఒక కార్ట్రిడ్జికి సరిపోయి మరొకదానికి సరిపోకపోవడానికి కారణం ఇదే.

కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లపై 3 ఓమ్‌లు, 40 ఓమ్‌లు అని ముద్రించి ఉంటుంది. అది ఏ అవరోధం గల కార్ట్రిడ్జికి వాడాలో తెలిపే సూచన మాత్రమే. అసలు నిష్పత్తిని వివరపత్రంలో చూసుకోవాలి.

అమరికలో జాగ్రత్తలు

ట్రాన్స్‌ఫార్మర్‌ను యాంప్లిఫైయర్‌లోని మూవింగ్ మాగ్నెట్ ప్రవేశానికే కలపాలి. మూవింగ్ కాయిల్ ప్రవేశానికి కలిపితే సంకేతం రెండుసార్లు పెరిగి ధ్వని వికృతమవుతుంది.

ఇంత బలహీనమైన సంకేతాన్ని మోసే పరికరం పరిసరాలలోని 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని కూడా సులభంగా గ్రహిస్తుంది. గుంయ్‌మనే శబ్దానికి మూలం అదే. మ్యూ-మెటల్ కవచం కొంత రక్షణ ఇస్తుంది. అయినా యాంప్లిఫైయర్ పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు, టర్న్‌టేబుల్ మోటారుకు దూరంగా ఉంచాలి. శబ్దం తగ్గకపోతే పెట్టెను నెమ్మదిగా తిప్పి, తక్కువగా వినిపించే దిశలో నిలపాలి. టోన్ ఆర్మ్ ఎర్తు తీగను ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెకు, అక్కడి నుంచి యాంప్లిఫైయర్ ఎర్తు మరకు కలపాలి.

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి యాంప్లిఫైయర్‌కు వెళ్లే తీగ పొట్టిగా ఉండాలి. తీగ కెపాసిటెన్స్ కూడా నిష్పత్తి వర్గం మేరకు పెరిగి కార్ట్రిడ్జి వైపు కనిపిస్తుంది. 1:20 నిష్పత్తిలో 100 పికోఫారడ్‌ల తీగ 40,000 పికోఫారడ్‌లుగా కనిపిస్తుంది. దీని ప్రభావం హెచ్చు స్థాయి స్వరాలపై పడుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ తీగచుట్టలను గాని, కార్ట్రిడ్జిని గాని మల్టీమీటర్ ఓమ్ స్థానంలో పెట్టి పరీక్షించకూడదు. మీటరు పంపే ఏకముఖ విద్యుత్తు ట్రాన్స్‌ఫార్మర్‌లోని నికెల్-ఇనుము మిశ్రలోహపు కోరును అయస్కాంతీకరించే ప్రమాదం ఉంది.

ఎంపిక క్రమం

ముందుగా కార్ట్రిడ్జి వివరపత్రంలో వోల్టేజి, అంతర అవరోధం చూడాలి. యాంప్లిఫైయర్‌కు 3 నుంచి 5 మిల్లీవోల్టులు అందడానికి ఎన్ని రెట్లు కావాలో లెక్కించాలి. తరువాత 47,000ను ఆ నిష్పత్తి వర్గంతో భాగించి, వచ్చిన భారాన్ని అంతర అవరోధంతో పోల్చాలి. భారం మూడు రెట్ల కంటే తక్కువైతే నిష్పత్తి తగ్గించుకోవాలి. కొద్దిగా తగ్గిన ధ్వనిని వాల్యూమ్ మీటతో పెంచుకోవచ్చు. అధిక భారం వల్ల కార్ట్రిడ్జిలోనే నష్టమైన సంకేతాన్ని మాత్రం ఆ తరువాత ఏ యాంప్లిఫైయరూ తిరిగి తేలేదు.