గలగలమనే ప్లాస్టిక్ పెట్టెలో బంగారు నాణెం

మీ ముందు రెండు నాణేలు పెట్టాననుకోండి. రెండూ 1924లో అమెరికా టంకశాలలో ముద్రించిన ఇరవై డాలర్ల బంగారు నాణేలే. రెండిటి బరువూ 33.4 గ్రాములు, రెండిటికీ ఇచ్చిన గ్రేడు ఎంఎస్ 64. ఒకటేమో అద్దంలా మెరిసే కొత్త ప్లాస్టిక్ హోల్డర్లో ఉంది. ఇంకోటి గీతలు పడిన చిన్న పాత హోల్డర్లో ఉంది, ఊపితే లోపల గలగలమంటోంది. చాలామంది కలెక్టర్లు ఆ గలగలమనేదానికే ఎక్కువ డబ్బు ఇస్తారు. నాణెం పాతదైతే రేటు పెరగడం ఓకే, పెట్టె పాతదైతే ఎందుకు పెరగాలి? ఇవాళ్టి ఎపిసోడ్ దీని గురించే.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1933 ఏప్రిల్ 5న ప్రెసిడెంట్ రూజ్వెల్ట్ ఒక ఆర్డర్ ఇచ్చాడు. జనం దగ్గరున్న బంగారు నాణేలు, కడ్డీలు మే 1 లోపల బ్యాంకులకి అప్పజెప్పాలి. ఔన్సుకి 20.67 డాలర్ల లెక్కన నోట్లు ఇస్తారు. మరుసటి ఏడాది ప్రభుత్వం అదే ఔన్సు రేటుని 35 డాలర్లు చేసింది. అప్పజెప్పినవాళ్ళకి ఎలా అనిపించి ఉంటుందో మీరే ఊహించుకోండి. వచ్చిన నాణేల్ని కరిగించి కడ్డీలు చేశారు. కానీ ఆ ఆర్డర్లో ఒక మినహాయింపు ఉంది: కలెక్టర్లకి ప్రత్యేక విలువ ఉన్న అరుదైన నాణేలు ఉంచుకోవచ్చు. ఇవి కాకుండా యూరప్ బ్యాంకుల్లో సంచులకొద్దీ ఉండిపోయినవి కూడా కరగకుండా తప్పించుకున్నాయి. ఇవాళ మార్కెట్లో కనిపించే ఇరవై డాలర్ల నాణేల్లో చాలా వాటి దారి అదే. అమెరికన్లు మళ్ళీ స్వేచ్ఛగా బంగారం కొనుక్కోగలిగింది 1974 డిసెంబర్ 31 నుంచి.

అప్పుడు మొదలైంది అసలు గొడవ. ఒక నాణెం ఎంత బాగుందో ఎవరు చెప్పాలి? 1949లో విలియం షెల్డన్ అనే ఆయన పాత రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 వరకు ఒక స్కేల్ తయారుచేశాడు. తర్వాత దాన్నే అన్ని నాణేలకీ వాడేశారు. చేతులు మారకుండా, అరగకుండా ఉన్నవాటికి 60 నుంచి 70. స్కేల్ ఉంది సరే, గ్రేడు చెప్పేది మాత్రం అమ్మే షాపువాడే. కొనేటప్పుడు "ఇది 63 బాబూ" అంటాడు, అమ్మేటప్పుడు అదే నాణెం 65 అయిపోతుంది. ఎంఎస్ 63కీ 65కీ మధ్య ధర కొన్నిసార్లు రెట్టింపు దాటుతుంది. సంచుల్లో ఒకదానికొకటి రాసుకున్న నాణేలివి, బంగారం మెత్తని లోహం, ప్రతి చిన్న గీతకీ డబ్బు లెక్క ఉంటుంది.

1979 నుంచి ఆనాక్స్ అనే సంస్థ నాణెం ఫోటోతో గ్రేడు సర్టిఫికెట్ ఇచ్చేది. మంచి ఐడియానే, కానీ కాగితం ఒకచోట, నాణెం ఒకచోట. 1986 ఫిబ్రవరిలో పీసీజీఎస్ వచ్చి రెండిటినీ ఒకటి చేసింది. డేవిడ్ హాల్, ఇంకొందరు డీలర్లు కలిసి పెట్టిన కంపెనీ అది. నిపుణులు చూసి గ్రేడు ఇస్తారు, నాణేన్ని ప్లాస్టిక్‌లో పెట్టి శబ్ద తరంగాలతో అతికించేస్తారు. పగలగొట్టకుండా తీయలేరు. 1987లో ఎన్‌జీసీ వచ్చింది. దాని మొట్టమొదటి హోల్డర్ లోపలి భాగం నల్లగా ఉండేది. కొన్ని నెలల్లోనే తెలుపుకి మారిపోయారు, అందుకే ఆ నల్లది దొరికితే ఇవాళ పండగే. పీసీజీఎస్ మొదటి తరం హోల్డర్లలో నాణెం వదులుగా ఉండి శబ్దం వచ్చేది, వాటికి రాట్లర్ అని పేరు పడింది. 1989 తర్వాత వచ్చి దాదాపు పదేళ్ళు నడిచినవి లేత ఆకుపచ్చ లేబుల్ ఉన్నవి.

వాల్ స్ట్రీట్ కూడా దిగింది. చూడకుండానే ఫోన్లో కొనొచ్చు, షేర్లలా అమ్మొచ్చు అన్నారు. 1989లో రేట్లు ఆకాశంలో ఉన్నాయి, ఆ వెంటనే కుప్పకూలాయి. 1990లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పీసీజీఎస్ మీద కేసు పెట్టింది, గ్రేడింగ్ పూర్తిగా నిష్పాక్షికం, ఎప్పుడూ ఒకేలా ఉంటుంది అని ప్రకటనల్లో అతిగా చెప్పారని. అది రాజీతో ముగిసింది. అప్పట్లోనే పీసీజీఎస్ "ది ఎక్స్‌పర్ట్" అని కంప్యూటర్‌తో గ్రేడు వేసే సిస్టమ్ కూడా ప్రకటించింది. మోర్గాన్ వెండి డాలర్లతో మొదలుపెట్టారు, నిలబడలేదు. ఇమేజ్ ప్రాసెసింగ్ ప్రాజెక్టు చేసిన బీటెక్ వాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు. మెరుపుని కొలవడం, అదీ 1990 నాటి మెషీన్లతో!

ఇప్పుడు మన ప్రశ్నకి వద్దాం. కాలం గడిచేకొద్దీ గ్రేడింగ్ మెల్లగా సడలింది. 1987లో 64 ఇచ్చిన నాణేనికి తర్వాత 65 ఇచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. మా భాషలో చెప్పాలంటే, కోడ్ మార్చేశారు, వెర్షన్ నంబర్ మార్చలేదు. లేబుల్ మీద అప్పుడూ 64, ఇప్పుడూ 64. ఏ కాలం 64 అన్నది చెప్పేది ఆ ప్లాస్టిక్ ఒక్కటే. పాత హోల్డర్ అంటే ఒక టైమ్‌స్టాంప్.

దీని వెనక ఒక మెకానిజం ఉంది. డీలరు పాత హోల్డర్ పగలగొట్టి నాణేన్ని మళ్ళీ పంపుతాడు. 64 వస్తే మళ్ళీ పగలగొడతాడు, మళ్ళీ పంపుతాడు. పదిసార్లలో ఒక్కసారి 65 వస్తే చాలు, అక్కడ ఆగిపోతాడు. గ్రేడర్లు ఏ మాత్రం మారకపోయినా గ్రేడ్లు పైకే వెళ్తాయి! పైగా పాత లేబుల్ కంపెనీకి తిరిగి పంపకపోతే, వాళ్ళ లెక్కల్లో ఒకే నాణెం నాలుగైదు నాణేలుగా నమోదవుతుంది. ఏ గ్రేడులో ఎన్ని ఉన్నాయో చూపించే ఆ లెక్కలు చూసే జనం రేటు కడతారు.

బంగారానికి ఇంకో కారణం ఉంది. గీతలు కనపడకుండా నాణేల మీద పుట్టీ లాంటి పదార్థం పూసే మోసగాళ్ళున్నారు. పూసిన కొత్తలో గ్రేడర్ కంటికి కూడా దొరక్కపోవచ్చు, ఏళ్ళు గడిచాక తెల్లటి పొరలా బయటపడుతుంది. ముప్పై ఐదేళ్ళు హోల్డర్లో ఉండి ఇప్పటికీ శుభ్రంగా ఉన్న నాణెం అంటే ఆ పరీక్ష పాసైనట్టే. ఇంకోటి, ఆ రోజుల్లో దెబ్బతిన్న నాణేలకి హోల్డరే ఇచ్చేవాళ్ళు కాదు, వట్టి కవర్లో తిప్పి పంపేసేవాళ్ళు. మన ఇళ్ళల్లో కాసులపేరు చూసుంటారు కదా. మనకి కాసుకి కొక్కెం అతికిస్తే అది నగ. వీళ్ళకి అలా అతికించిన గుర్తు కనిపిస్తే నాణెం పాడైనట్టు లెక్క.

2007లో ఎన్‌జీసీ మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన జాన్ అల్బనీస్ సీఏసీ అని ఒక కంపెనీ పెట్టాడు. హోల్డర్ తెరవకుండానే నాణెం చూస్తారు. గ్రేడుకి సరిపోతే ఆకుపచ్చ స్టిక్కర్, రాసినదానికంటే మెరుగ్గా ఉంటే బంగారు రంగు స్టిక్కర్. ఆ బంగారు స్టిక్కర్లు ఎక్కువగా కనిపించేది పాత హోల్డర్ల మీదే. అంటే కలెక్టర్ల అనుమానానికి ఆధారం దొరికింది.

ఇంతవరకూ విని రాట్లర్ కొనేద్దాం అనుకుంటున్నారా? ఒక్క నిమిషం. ముప్పై ఐదేళ్ళుగా వేలమంది డీలర్లు ఇదే వేటలో ఉన్నారు. పైకి వెళ్ళగలిగిన నాణేల్లో చాలావాటిని ఎప్పుడో పగలగొట్టేసి ఉంటారు. ఇవాళ దుకాణంలో పాత హోల్డర్లో మిగిలినదాన్ని ఎంతమంది చూసి వద్దనుకుని పక్కన పెట్టారో చెప్పలేం. నిజంగా ఎవరూ ముట్టనివి ఏ తాతగారి బ్యాంకు లాకర్లోంచో వారసులు తీసినప్పుడు వస్తాయి. అందుకే నా లెక్కలో, పాత పెట్టె అని చెప్పి అమ్మేవాడు అడిగే అదనపు డబ్బులో సగం ఆశకి కట్టే రేటు. నాణెం చూసి నచ్చితే కొనండి, పెట్టెని చూసి కాదు. నకిలీ హోల్డర్లు కూడా వస్తున్నాయి, సర్టిఫికెట్ నంబర్ కంపెనీ సైట్లో చెక్ చేయడానికి అర నిమిషం కూడా పట్టదు.

ఒక తమాషా ఏంటంటే, ఇప్పుడు కొందరు డీలర్లు 65 వస్తుందని తెలిసినా రాట్లర్‌ని పగలగొట్టడం లేదు. 64 అని రాసున్న ఆ పాత ప్లాస్టిక్‌తోనే ఎక్కువ వస్తోందట.