తరాల లెక్కకు లొంగని నీలం

ఓఎల్‌ఈడీ తెరల్లో వెలుగునిచ్చే పదార్థాల చరిత్రను తరాలుగా చెప్పడం ఆనవాయితీ అయింది. 1987లో కొడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ పది వోల్టుల లోపే వెలిగించిన ప్రతిదీప్తి పదార్థాలు మొదటి తరం. 1998లో బాల్డో, ఫారెస్ట్, థాంప్సన్ బృందం ప్లాటినంతో మొదలుపెట్టి, మరుసటి ఏడాదే ఇరీడియం వైపు మళ్లించిన స్ఫురదీప్తి పదార్థాలు రెండోది. 2012లో జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయంలో చిహాయా అడాచి బృందం బరువు లోహాలతో పని లేకుండా చూపిన ఆలస్య ప్రతిదీప్తి మూడోది. సామర్థ్యం పెరిగేకొద్దీ కొత్త తరం పాతదాన్ని పక్కకు నెట్టిందన్నది ఈ వరుసలోని అర్థం. మన ఫోన్ తెర మాత్రం వేరే మాట చెబుతుంది. పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు స్ఫురదీప్తితో వెలుగుతుంటే, నీలం చుక్క ఇన్నేళ్లుగా మొదటి తరం ప్రతిదీప్తినే నమ్ముకుంది. చాలా తెరల్లో ఆ నీలం చుక్కను కావాలనే పెద్దదిగా చేస్తారు. విద్యుత్తు ఎక్కువ వైశాల్యంలో పరుచుకుంటే నీలం త్వరగా వన్నె తగ్గదు.

కంపెనీలు కొత్తదనానికి జంకడమే ఇందుకు కారణమని కొందరంటారు. అది నిలవని వాదన. అవే కంపెనీలు ముందు ఎరుపును, తర్వాత ఆకుపచ్చను స్ఫురదీప్తికి మార్చాయి. అసలు చిక్కు శక్తిలో ఉంది. విద్యుత్తుతో పుట్టే ఉత్తేజిత స్థితులు రెండు రకాలు: నూటికి 25 సింగ్లెట్లు, 75 ట్రిప్లెట్లు. ప్రతిదీప్తి ట్రిప్లెట్లను చాలావరకు వృథా చేస్తుంది, స్ఫురదీప్తి వాటినీ వెలుగుగా మారుస్తుంది. అయితే సింగ్లెట్ నానోసెకన్లలో వెలిగిపోతే, ట్రిప్లెట్ మైక్రోసెకన్లు ఆగుతుంది. నీలం ట్రిప్లెట్ దగ్గర సుమారు 2.7 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. ఆగిన ఆ కాస్త సేపట్లో మరో ట్రిప్లెట్‌నో, విద్యుదావేశాన్నో ఢీకొంటే రెండింటి శక్తీ కలిసి అణువులోని బంధాలనే తెంచగలదు. ఆకుపచ్చలో, ఎరుపులో అంత శక్తి ఉండదు. 2014లో ఫారెస్ట్ బృందం ఉద్గార అణువుల సాంద్రతను పొరలో క్రమంగా మారుస్తూ, రెండు అంచెలుగా పేర్చి నీలం ఆయుష్షును పది రెట్లు పెంచింది. ట్రిప్లెట్ల రద్దీ తగ్గితేనే ఇంత మేలు జరిగిందంటే, దోషమంతా అణువుదేనని అనలేం.

ఆలస్య ప్రతిదీప్తి ఈ చిక్కును విప్పిందా? ఆ దృగ్విషయం కొత్తది కాదు. ఇయోసిన్ రంగులో పార్కర్, హాచర్డ్ 1961లోనే దాన్ని వివరించారు. అంతమాత్రాన అడాచి కృషి చిన్నదైపోదు. ఎలక్ట్రాన్లను ఇచ్చే భాగాన్నీ, పుచ్చుకునే భాగాన్నీ అణువులో ఎడంగా ఉంచి, సింగ్లెట్, ట్రిప్లెట్‌ల మధ్య అంతరాన్ని కుదించి, ఆకుపచ్చలో 19.3 శాతం బాహ్య క్వాంటం సామర్థ్యం సాధించారు. కానీ ట్రిప్లెట్ తిరిగి సింగ్లెట్ కావడానికి ఇక్కడా సాధారణంగా మైక్రోసెకన్లే పడుతుంది, పైగా రంగు వెడల్పుగా పరుచుకుంటుంది. పరిశోధకుడు హతకెయామా 2016లో బోరాన్, నైట్రోజన్ ఉన్న అణువులతో రంగును సన్నబరిచారు, ఆలస్యం మాత్రం పూర్తిగా తీరలేదు. 2014 నాటి హైపర్‌ఫ్లోరెసెన్స్ అనే పద్ధతిలోనైతే ఆలస్య ప్రతిదీప్తి పదార్థం శక్తిని సేకరిస్తే, చివరికి వెలిగేది మామూలు ప్రతిదీప్తి అణువే. అంటే తరాలు ఒకదాన్నొకటి తొలగించలేదు, పని పంచుకున్నాయి.

2025లో ఎల్‌జీ డిస్‌ప్లే ప్రకటించిన నీలం తెరలోనూ పై అంచెలో స్ఫురదీప్తి, కింది అంచెలో ప్రతిదీప్తి ఉన్నాయి. అది నిజమైన ముందడుగే, కానీ పాత తరానికి వీడ్కోలు కాదు. తక్కువ వెలుతురులో కొలిచిన అత్యధిక సామర్థ్యాన్ని చూపి కొత్త తరం వచ్చిందనడం తొందరపాటు. తెరకు అవసరమైన వెలుతురులో, అవసరమైన రంగు స్వచ్ఛతలో ఎన్ని గంటలు నిలుస్తుందో చెప్పని నీలం పదార్థాన్ని ఆశాజనకమని అనొచ్చు, తర్వాతి తరమని మాత్రం అనకూడదు.