ఖమ్మం ఎన్ని గళ్ళు?

భద్రాచలం నుంచి చర్ల వెళ్ళే దారిలో, అడవి అంచున ఉన్న ఓ ఊళ్ళో మా మేనమామ తునికాకు కల్లేదారు. ఎండాకాలం ఆకు సీజన్లో జనం పొద్దున్నే అడవికెళ్ళి ఆకు కోసుకొస్తారు, 50 ఆకులకో కట్ట కట్టి కల్లానికి తెస్తారు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగ్. ఎవరు ఎన్ని కట్టలు తెచ్చారు, ఎంత ముట్టింది, ఇంకా ఎంత రావాలి, అంతా మామ నోటుబుక్కులోనే. సెలవుకెళ్ళినప్పుడు ఆయన పాత లాప్‌టాప్‌లో దీనికో ప్రోగ్రాం రాసిద్దామనిపించింది. అక్కడ నెట్ అందదు, మెషిన్‌కి ఓపిక లేదు, కాబట్టి టెర్మినల్లో నడిచేదే రాశా. హాస్కెల్లో. ఎందుకంటే నాకు సరదా, అంతకు మించి కారణం లేదు :)

ఇంగ్లీషు అక్షరాలతో బాగానే నడిచింది. పేర్లు తెలుగులో పెట్టేసరికి గళ్ళు చెదిరిపోయాయి. "ముట్టింది" కింద ఉండాల్సిన అంకె జరిగి "రావాలి" కిందికొచ్చింది. మామ చూసి, "అల్లుడా, ఈ లెక్కన పైసలిస్తే కల్లం కాడ నన్ను తంతరు" అన్నాడు.

తప్పెక్కడో వెతుకుతూ పోతే అది నన్ను 1970ల దాకా తీసుకెళ్ళింది.

మొదట టెలిటైపు ఉండేది, వచ్చిన అక్షరాన్ని కాగితం మీద కొట్టడమే దాని పని. గాజు తెర వచ్చాక కర్సర్‌ని ఎక్కడికి కావాలంటే అక్కడికి పంపొచ్చు. కాకపోతే ఒక్కో కంపెనీది ఒక్కో సంకేతం. 1978లో డెక్ వాళ్ళ వీటీ100 వచ్చింది, ఎస్కేప్ అనే అక్షరంతో మొదలయ్యే దాని ఆజ్ఞలే క్రమంగా అందరికీ ప్రమాణమయ్యాయి. తెర అంటే 24 వరసలు, వరసకి 80 గళ్ళు, గడికో అక్షరం. ఈ లాప్‌టాప్‌లో నేను వాడే టెర్మినల్ విండో కూడా ఇప్పటికీ ఆ వీటీ100 వేషమే వేస్తోంది.

ఇప్పుడు ఫంక్షనల్ భాషల సంగతి. తెర తుడువు, తర్వాత ఐదో వరసకెళ్ళు, తర్వాత పేరు రాయి: టెర్మినల్‌తో పనంతా ఈ "తర్వాత" మీదే నడుస్తుంది. గణితంలో ఫంక్షన్‌కి "తర్వాత" అనేది లేదు. 1950ల చివర్లో పుట్టిన లిస్ప్ దీన్ని పట్టించుకోలేదు, మధ్యలో ప్రింటు చేసుకోనిచ్చింది. 1987లో మొదలైన హాస్కెల్ కమిటీ మాత్రం మడి కట్టుకుని కూర్చుంది. 1990లో వచ్చిన మొదటి వెర్షన్‌లో వాళ్ళు చేసిన ఏర్పాటు నాకైతే భలే నచ్చింది. ప్రోగ్రాం మొత్తం ఒకే ఫంక్షన్. ఆపరేటింగ్ సిస్టం ఇవ్వబోయే జవాబులన్నిటి జాబితా దానికి ఇన్‌పుట్, ప్రోగ్రాం అడగబోయే కోరికల జాబితా అవుట్‌పుట్. ఇంకా అడగని ప్రశ్నకి జవాబు ముందే చేతికిచ్చినట్టన్నమాట! భాష బద్ధకస్తురాలు, అవసరమైతే గాని దేన్నీ లెక్కించదు కాబట్టి ఇది నడిచింది. కోరిక కోరకముందే జవాబు వైపు తొంగి చూశారో, ప్రోగ్రాం అక్కడే కూలబడేది. తర్వాత మొగ్గి, వాడ్లర్, పేటన్ జోన్స్ పుణ్యమా అని మొనాడ్లు వచ్చాయి, 1996లో హాస్కెల్ 1.3 నుంచి అదే అధికారిక పద్ధతి.

2015లో వచ్చిన బ్రిక్ అనే లైబ్రరీ ఇంకో అడుగు ముందుకేసింది. మీరు కర్సర్‌ని కదిపే పనే లేదు. డేటా ఇస్తే బొమ్మ ఇచ్చే ఫంక్షన్ రాయండి, ఎస్కేప్ సంకేతాలన్నీ కింది లైబ్రరీ చూసుకుంటుంది. నేను వాడింది ఇదే.

మరి గళ్ళెందుకు చెదిరాయి? బొమ్మ గీయాలంటే ఏ మాట ఎన్ని గళ్ళో ముందే తెలియాలి. అది లెక్కపెట్టే పద్ధతి టూకీగా ఇది: వెడల్పు లేని గుర్తులకి సున్నా, చైనా, జపాన్ లిపులకి రెండు, మిగతావాటికి ఒకటి. దీని ప్రకారం "ఖమ్మం" చూడండి. మనకి రెండక్షరాలు. యూనికోడ్‌కి ఖ, మ, పొల్లు, మ, సున్న కలిపి ఐదు. గళ్ళ లెక్కలో పొల్లుకి సున్నా, కాబట్టి నాలుగు. "భద్రాచలం" మనకి నాలుగు, యూనికోడ్‌కి ఎనిమిది, గళ్ళలో ఆరు. వత్తు కిందికి దిగిపోతే దాని కోసం ఉంచిన గడి ఖాళీ. ఒక టెర్మినల్ ఆ ఖాళీని అలాగే ఉంచుతుంది, ఇంకోటి పక్కవాటిని దగ్గరికి లాగేస్తుంది.

బాధేంటంటే మన దేశంలో ఈ పని ఒకసారి అయిపోయింది. ఐఐటీ కాన్పూర్‌లో 1980ల మొదట్లో మొదలై, 1988లో పుణెలో ఏర్పడిన సీడాక్‌కి చేరిన జిస్ట్ టెక్నాలజీలో, లిపి నియమాలు టెర్మినల్లోనే ఉండేవి. యూనిక్స్ మెషిన్ ఇస్కీ బైట్లు పంపుతుంది, వత్తులు, గుణింతాలు కట్టే పని టెర్మినల్‌ది. 1991లో ఇస్కీ జాతీయ ప్రమాణమైంది. యూనికోడ్ మన లిపుల వరసని 1988 నాటి ఇస్కీ నుంచే తీసుకుంది. కానీ అక్షరం కట్టే పని ఫాంట్లకి, షేపింగ్ ఇంజన్లకి వెళ్ళింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చి విండోలు, వెబ్ పేజీలు బాగుపడ్డాయి. టెర్మినల్ మాత్రం గడికో అక్షరం దగ్గరే ఉండిపోయింది. "మ్మ" లాంటి సంయుక్తాక్షరాన్ని ముక్కలు చేయకూడదని యూనికోడ్ నియమాల్లోకి ఎక్కింది 2023లో, 15.1 వెర్షన్‌తో. 2023!

నా ఉద్దేశంలో అసలు చిక్కు హాస్కెల్‌ది కాదు. వెడల్పుని మనం ఫంక్షన్ అనుకున్నాం, ఇన్‌పుట్ ఒకటైతే ఫలితం కూడా ఎప్పుడూ ఒకటే అని. తెలుగు విషయంలో అది టెర్మినల్‌ని బట్టి మారుతుంది. మాట రాసి, "ఇప్పుడు కర్సర్ ఎక్కడుంది?" అని అడగాలి. దానికీ ఓ ఎస్కేప్ సంకేతముంది, జవాబు కీబోర్డు దారిన వస్తుంది. అంటే మళ్ళీ 1990 నాటి కోరికలు, జవాబులే.

అదీ రాసి చూశా. లాప్‌టాప్ నత్తనడక నడిచింది. ఆఖరికి ఇస్కీ రోజుల నుంచీ మన లిపుల్ని పట్టించుకున్న ఎమ్ఎల్‌టెర్మ్ వేసి, పేరు కాలమ్‌ని వరస చివరికి నెట్టేశా. దాని కుడి పక్కన ఏమీ లేదు కాబట్టి చెదరడానికీ ఏమీ లేదు. మామ ఇప్పుడు ముందు కట్టలు, తర్వాత డబ్బు, ఆ తర్వాత మనిషిని చదువుతున్నాడు. నోటుబుక్కు మాత్రం పక్కనే ఉంది.