పొంగిన పిండి కథ

మా మేనకోడలు అమెరికాలో న్యూ ఆర్లియన్స్ చూసివచ్చి, "అత్తా, అక్కడ తిన్న బెన్యేలు చేసిపెట్టవూ!" అని గారాలు పోయింది. దానికేం భాగ్యమనుకుని మేడ్చల్‌లో మా వంటింట్లో మైదా డబ్బా మూత తీశానో లేదో, మా అత్తమ్మ అందుకుంది: "ఆ పరాయి వంట మనకెందుకే? మన గరిజెలకేమొచ్చింది?"

వంటలో ఓడినా వాదంలో ఓడకూడదు కదా! బి.ఏ.లో చదివిన చరిత్ర బయటికి తీశాను.

బెన్యే అంటే బ్రహ్మవిద్యేం కాదు. పులిసిన మైదాపిండిని ఒత్తి, చదరాలుగా కోసి, నూనెలో వేయించి, పైన చక్కెరపొడి చల్లడమే. ఆ ఫ్రెంచి మాటకి మూలార్థం బొడిపె, వాపు. ఉబ్బిన బుగ్గల్ని మనం బూరెబుగ్గలనమూ, అలాగన్నమాట.

పోనీ, ఫ్రెంచివాళ్ళు మనకి బొత్తిగా పరాయివాళ్ళా? 1751లో బుస్సీ దొర సైన్యంతో నిజాం వెంట వచ్చి, ఏడేళ్ళు ఇక్కడ చక్రం తిప్పాడు. ఆ తరవాత రేమండ్ వచ్చి ఫిరంగులు పోతపోయించాడు. ఆ చోటే గన్‌ఫౌండ్రీ. జనం నోట్లో ఆయన మూసారాం అయ్యాడు. మూసారాంబాగ్ ఆయన పేరే. 1798 మార్చిలో ఆయన పోయాడు. అక్టోబరుకల్లా ఇంగ్లీషువాళ్ళు ఆ ఫ్రెంచి పటాలం చేత ఆయుధాలు దింపించి, తమ పటాలాన్ని దించారు. వాళ్ళ విడిదికే 1806లో సికింద్రాబాదు అని పేరొచ్చింది. మనం బస్సులో రోజూ చూసే బొల్లారం దండు ఆ కథకి కొనసాగింపే.

"అయితే పిండి నూనెలో వెయ్యడం వాళ్ళే నేర్పిండ్రా?" అంది అత్తమ్మ.

లేదు సుమండీ! కళ్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడి 'మానసోల్లాసం' 1129 ప్రాంతపు గ్రంథం. గోధుమపిండిలో ఏలకులు చేర్చి నూనెలో వేయించే చిన్న ఉండలు అందులో ఉన్నాయి. మన కొలనుపాక ఆనాడు ఆ చాళుక్యుల ఏలుబడిలోదే. ఇటు న్యూ ఆర్లియన్స్‌లో 'కఫే దు మోంద్' అనే కాఫీహోటల్ 1862 నుంచీ ఉంది. అక్కడ బెన్యేలతో ఇచ్చేది చికోరీ కలిపిన కాఫీ. చికోరీ కాఫీ మనకి కొత్తా చెప్పండి?

ఉపన్యాసం బాగానే ఉంది గానీ, పిండి మాత్రం పొంగలేదు. రెండు గంటలైనా రుబ్బురోలులా బిగుసుకుని కూర్చుంది. అత్తమ్మ వచ్చి పాలగిన్నెలో వేలు ముంచి, "కాలుతున్నయి కదే! చంటిపిల్లకు పోసే నీళ్ళంత వెచ్చగుండాలె. మా శామీర్‌పేటల మా అమ్మ గుల్గులాల పిండిల గిన్నెడు ఈతకల్లు పోసేది. దానికీ వేడి పడదు," అంది.

నేను నోరు తెరిచాను. వేడి పాలకి ఈస్ట్ చచ్చిపోతుంది. కల్లులో ఉండేదీ ఈస్టే! ఈస్ట్ దొరకని రోజుల్లో మన దేశంలో తెల్లదొరల రొట్టెలూ కల్లుతోనే పొంగేవి. పులియడం ప్రాణమున్న జీవుల పని అని 1850ల చివర్లో చూపించిన లూయీ పాశ్చర్ కూడా ఫ్రెంచివాడే. ఆయన భూతద్దంతో చూసినదాన్ని శామీర్‌పేట అమ్మ వేలికొనతో తెలుసుకుంది.

మళ్ళీ కలిపాను. మైదా 2 కప్పులు, గోరువెచ్చని పాలు ముప్పావు కప్పు, ఈస్ట్ 1 చిన్న చెంచా, చక్కెర, వెన్న రెండేసి పెద్ద చెంచాలు, చిటికెడు ఉప్పు. గంటన్నరకి పిండి రెండింతలైంది. పావంగుళం మందాన ఒత్తి, కోసి, నూనెలో వేస్తే బుగ్గలు పూరించుకుని పైకి తేలాయి.

"గరిజెంత కాదు గానీ, బాగనే ఉన్నయి," అంటూ అత్తమ్మ రెండోది అందుకుంది.

ఈమధ్య ఆవిడ మనవల పేర్లు తడుముకుంటోంది. కానీ ఆ వేలు ఏదీ మరిచిపోలేదు. రేమండ్ ఫిరంగుల సంగతి రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. గిన్నెడు కల్లు సంగతి మనం రాసుకోకపోతే ఇంకెవరు రాస్తారు? అందుకే పక్కన కూర్చుని అడిగాను: "అత్తమ్మా, ఎంత పిండికి గిన్నెడు?"

"శేరుకు," అంది తడుముకోకుండా.

రాసుకున్నాను.