మలయాలో జపాను అక్షరాభ్యాసము

మా నల్లంపల్లి పేరులోని 'పల్లి' తెలుగువానికి ఊరు; తమిళములో ఆ మాటకు బడి అని అర్థము. ఇంట ఒక భాష, బడిలో ఒక భాష అనునది ధర్మపురి సీమ తెలుగువారికి కొత్త కాదు. కనుక సముద్రము దాటిన మనవారి పిల్లలకు మూడున్నరేండ్లు తటస్థించిన వింత చదువును గూర్చి ఈ ఉగాది సంచికలో నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

విశాఖ, గంజాం సీమల నుండి మలయా తోటలకు కూలికి పోయిన తెలుగువారు వేలకొలది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానువారి వశమైనది. ఊరి పేరు 'షోనాన్' అయినది. గడియారములు టోక్యో కాలమునకు తిరిగినవి. మూతపడిన బడులు మరల తెరచుసరికి ఇంగ్లీషు పీటపై 'నిప్పోంగో', అనగా జపాను భాష, కూర్చున్నది. ఉదయమున టోక్యో దిక్కుకు తిరిగి వంగి దండము పెట్టుట, వారి జాతీయగీతము పాడుట, పిదప కతకానా అక్షరములు దిద్దుట. పాపము, పంతుళ్ళ పాట్లు మరింత! నిన్న తాము నేర్చినది నేడు పిల్లలకు చెప్పవలె.

ఇందులో మాకు తోచిన చమత్కార మొకటి ఉన్నది. జపాను అక్షరములు అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై క, స, త, న, హ, మ, య, ర, వ అని సాగును. ఈ వరుస మన వర్ణమాలదే! పూర్వము బౌద్ధభిక్షువులు సంస్కృతాక్షరములు చదువుటవలన అది వారికి అబ్బినది. మాటలు కూడ, ఒక్క 'న్' తప్ప, తెలుగువలె అచ్చుతోనే ముగియును. 'వతాషి వ హొన్ ఒ యోమిమసు' అన్నచో 'నేను పుస్తకము చదువుదును'. కర్త, కర్మ, క్రియ మన వరుసలోనే. తుపాకి నీడన గాక మరియొక విధముగా వచ్చియుండినచో, తెలుగుబిడ్డకు ఇంత సులువైన పరభాష అరుదు.

రైల్వేవారము గనుక ఒక్కటి చెప్పక తీరదు. పిల్లలు పలకపై ఆ అక్షరములు దిద్దుచున్న కాలముననే, తోటలలోని తమిళ, తెలుగు కూలీలను సయాం-బర్మా రైలుమార్గమునకు తరలించినారు. 415 కిలోమీటర్ల ఆ దారి 1943 అక్టోబరులో ముగిసినది. కలరా, మలేరియా, ఆకలి. ఆసియా కూలీలు పదివేలకొలది అచ్చటనే మడిసినారు. తండ్రి తిరిగిరాని ఇండ్లు తోట తోటకు మిగిలినవి.

1945 ఆగస్టులో జపాను లొంగిపోయినది. సెప్టెంబరులో ఇంగ్లీషువారు మరల వచ్చినారు. నిప్పోంగో బడి గడప దాటిపోయినది. ఆనాటి పిల్లలలో కొందరు మాత్రము ముసలితనము వరకు 'ఇచి, ని, సన్' అని వ్రేళ్ళపై లెక్కపెట్టుచునే ఉండిరి.