వెబ్ అభివృద్ధి వృత్తిలో ప్రవేశార్హత: ఒక చారిత్రక పరిశీలన (1989–2014)

వ్యాససంగ్రహం: వెబ్ అభివృద్ధి వృత్తిలో చేరడానికి పట్టా తప్పనిసరి కాదన్న మాట తరచు వినిపిస్తుంది. ఈ వెసులుబాటు ఎలా ఏర్పడింది, మధ్యలో ఎందుకు తగ్గింది, తిరిగి ఏ రూపంలో వచ్చింది అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: వెబ్ చరిత్ర, వృత్తి ప్రవేశం, అమీర్‌పేట, ధ్రువపత్రం, ఓపెన్ సోర్స్.

1. ఉపోద్ఘాతం

వైద్యం, న్యాయవాదం వంటి వృత్తుల ప్రవేశాన్ని చట్టం నియంత్రిస్తుంది. నిర్ణీత పట్టా, ఆపై నమోదు లేనిదే వాటిని చేపట్టడం కుదరదు. వెబ్ అభివృద్ధికి అటువంటి నియంత్రణ ఏనాడూ లేదు. అయినా కొత్తగా వచ్చిన వ్యక్తికి పని తెలుసా లేదా అని తేల్చే రుజువు ఏదో ఒకటి ప్రతి దశలోనూ అవసరమైంది. ఆ రుజువు మారిన ప్రతిసారీ వృత్తిలోకి రాగలిగే వారి వర్గం కూడా మారింది. ఈ వృత్తి చరిత్రను అర్థం చేసుకోవడానికి ఇదే కీలకం.

2. పేజీయే రుజువు

1989 మార్చిలో జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ సమాచార నిర్వహణకు ఒక ప్రతిపాదన సమర్పించాడు. 1990 చివరికి ఆయన రూపొందించిన తొలి బ్రౌజర్ చదవడానికే కాక రాయడానికీ పనికివచ్చేది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ సాఫ్ట్‌వేరును ఎవరైనా రుసుము లేకుండా వాడుకొనేలా ప్రజాపరం చేసింది. అదే సంవత్సరం ఆరంభంలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం తన గోఫర్ సర్వర్‌కు కొందరు వాడుకదారుల నుంచి రుసుము వసూలు చేస్తామని ప్రకటించింది. గోఫర్ వెనుకబడడానికి ఆ ప్రకటన ఒక కారణమైంది. కాబట్టి వెబ్‌కు ఉన్న బహిరంగ స్వభావం దానంతట అది వచ్చింది కాదు. అది ఒక సంస్థ తీసుకున్న నిర్ణయానికి ఫలితం.

హెచ్‌టిఎమ్‌ఎల్ సాధారణ పాఠంగా ఉండడం మరో కారణం. మొజాయిక్, నెట్‌స్కేప్ బ్రౌజర్లలో ఏ పేజీకైనా వెనుక ఉన్న కోడ్‌ను తెరిచి చూసే సదుపాయం ఉండేది. నచ్చిన పేజీని తెరిచి, దాని కట్టుబడిని గమనించి, మార్చి చూసి నేర్చుకోవడం అప్పటి అభ్యాస పద్ధతి. ట్యాగులో తప్పు దొర్లినా బ్రౌజర్ పేజీని చూపించేది కనుక కొత్తవారు నిరుత్సాహపడేవారు కారు. 1995లో జావాస్క్రిప్ట్, పిహెచ్‌పి, 1996లో సిఎస్‌ఎస్ ప్రమాణం వచ్చేనాటికి 'వెబ్‌మాస్టర్' అనే కొలువు స్థిరపడింది. ఆ కొలువు కోరేవారు తాము తయారుచేసిన పేజీ చిరునామా చెబితే చాలు, పనితనం అందరికీ కనిపించేది.

3. ధ్రువపత్రం రుజువుగా మారడం

భారతదేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ను ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అయితే ఇక్కడి ఉద్యోగాలు ప్రధానంగా సేవా సంస్థల్లో, విదేశీ ఖాతాదారుల కోసం వెలిశాయి. ఆ పని సంస్థల అంతర్గత వ్యవస్థల్లో ఉండేది. బయటివారు దాన్ని చూడలేరు, చూసి నేర్చుకోలేరు. ఇంట్లో కంప్యూటరు లేని విద్యార్థికి స్వయంశిక్షణ మార్గం మొదటే మూసుకుపోయింది.

ఆ లోటును అమీర్‌పేట తీర్చింది. మైత్రీవనం పరిసరాల్లోని శిక్షణ సంస్థలు జావా, డాట్‌నెట్ వంటివాటిని స్వల్పకాలిక కోర్సులుగా బోధించాయి. చుట్టుపక్కల వసతిగృహాల్లో ఉంటూ జిల్లాల నుంచి వచ్చిన పట్టభద్రులు వాటిలో చేరారు. కళాశాల పాఠ్యప్రణాళికకూ ఉద్యోగ ప్రకటనకూ మధ్య ఉన్న దూరాన్ని ఈ సంస్థలు పూరించాయి. వేలాదిమంది తొలితరం ఉద్యోగులకు ఇవి దారి చూపాయన్నది కాదనలేని వాస్తవం.

కాని పని కనబడని చోట కాగితానికి విలువ పెరుగుతుంది. పట్టా, కోర్సు ధ్రువపత్రం, అనుభవ పత్రం అన్నవే రుజువులయ్యాయి. అనుభవం లేనిదే ఉద్యోగం రాదు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు. ఈ చిక్కుముడిలోంచే నకిలీ అనుభవ పత్రాల సమస్య పుట్టింది. దీన్ని కేవలం నీతిలోపంగా చూడడం సరిపోదు. సామర్థ్యాన్ని నేరుగా పరిశీలించే అవకాశం కొరవడడం దాని మూలకారణాల్లో ఒకటి.

4. బహిరంగ పని పునరాగమనం

ఇంతలో వెబ్ స్వరూపమూ మారింది. కోడ్‌ను కుదించి పంపడం వల్ల, 2013లో విడుదలైన రియాక్ట్ వంటి లైబ్రరీల వల్ల పేజీ మూలాన్ని తెరిచి చదివి నేర్చుకోవడం కష్టమైంది. అయితే 2008లో ప్రారంభమైన గిట్‌హబ్ మూల రచననే బహిరంగంగా ఉంచే వేదికైంది. 2005లో మొజిల్లా చేపట్టిన సాంకేతిక పత్రాలు, 2014లో మొదలైన ఫ్రీకోడ్‌క్యాంప్ ఉచిత పాఠాలు దానికి తోడయ్యాయి. తొలిదశలో పేజీ చేసిన పనిని ఇప్పుడు కోడ్ భాండాగారం చేస్తోంది. కాని ఈ వనరుల్లో అధికభాగం ఇంగ్లీషులో ఉండడంతో తెలుగు మాధ్యమ విద్యార్థికి భాష ఒక అడ్డంకిగానే మిగిలింది.

5. ముగింపు

వెబ్ వృత్తిలో ప్రవేశం సులభమైనప్పుడల్లా రెండు పరిస్థితులు కనిపిస్తాయి: ఇతరుల పనిని చూసి నేర్చుకొనే వీలు, తన పనిని ఇతరులకు చూపే వీలు. ఇవి తగ్గినప్పుడు మధ్యవర్తులు, పత్రాలు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. డిగ్రీ కళాశాలలు విద్యార్థుల ప్రాజెక్టులను అటకెక్కే నివేదికలుగా కాక, నలుగురూ పరిశీలించగల పనిగా స్వీకరిస్తే, వాటి వివరణను తెలుగులోనూ రాయిస్తే, తొలినాటి వెసులుబాటులో కొంతైనా మన విద్యార్థికి దక్కుతుంది.