తోటమాలి జీతం ఏ పద్దు కింద?

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద 1890లో మా పట్టణం మహబూబ్‌నగర్ అయింది. జనం నోట మాత్రం ఇప్పటికీ పాలమూరే. ఎర్ర చెలకలు, రాతి గుట్టలు, నమ్మకం లేని వాన. ఇలాంటి చోట పచ్చదనం దానంతటది నిలవదు. ఎవరో నీళ్లు పట్టాలి, ఎవరో కాపలా ఉండాలి, ఆ మనిషికి నెలనెలా ఎవరో జీతమివ్వాలి. మా ఊరి తోటలు బాగుపడ్డా పాడుబడ్డా ఆ జీతం దగ్గరే తేలింది.

పార్కు అనే మాట రాకముందే ఇక్కడ అందరి తోటలున్నాయి. అడ్డాకుల దగ్గరి కందూరులో రామలింగేశ్వరుడి గుడి చుట్టూ కదంబ చెట్లున్నాయి. భక్తులు ఆ నీడనే వండుకుని తిని వస్తారు. ఈ కందూరు పేరుతోనే చరిత్రకెక్కిన కందూరు చోడులు పాలమూరునూ నల్లగొండనూ కలిపి ఏలారు. నల్లగొండ పక్కన పానగల్లు వాళ్ల రాజధాని. అక్కడి ఉదయసముద్రం వాళ్ల కాలపు చెరువే. ఇవాళ అందులోకి మాధవరెడ్డి ప్రాజెక్టు కాలువ ద్వారా కృష్ణా నీళ్లు వచ్చి పడుతున్నాయి.

ఆ కాలపు పద్ధతి ఒకటి మనం మరిచిపోయాం. చెరువు తవ్వించినవాడికి, తెగిన కట్ట పోయించినవాడికి ఆయకట్టులో కొంత భూమి దశబంధం మాన్యంగా దక్కేది. తూము తీసి మూసి, కట్ట మీద కన్నేసి ఉంచే నీరడికి కూడా ఇనాం భూమి ఉండేది. చెరువు నిండితేనే ఆ భూమి పండేది కాబట్టి కట్టకు గండి పడకుండా చూసుకోవడం అతని కడుపుకు సంబంధించిన పని. కట్టడానికైన ఖర్చు, కాపాడడానికయ్యే ఖర్చు రెండూ ఒకే ఏర్పాటులో ఉండేవి. ఆ రోజుల్లో అన్నీ బాగున్నాయని నేననడం లేదు. ఆ భూమి ఎవరి చేతుల్లో ఉండేదో, ఎవరి చెమటతో పండేదో పాలమూరు కూలీల బిడ్డలకు వేరే చెప్పనక్కర్లేదు. కానీ ఈ ఒక్క లెక్క మాత్రం వాళ్లు సరిగా వేశారు.

ఇప్పటి లెక్క చూడండి. 2015లో కేంద్రం తెచ్చిన అమృత్ పథకంలో లక్ష జనాభా దాటిన 500 పట్టణాలుంటే, మా మహబూబ్‌నగర్‌తో పాటు నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట కూడా అందులో చేరాయి. సింహభాగం మంచినీటికి, మురుగు కాలువలకు పోగా, పార్కులకు రెండున్నర శాతం దాకా పెట్టుకోవచ్చన్నారు. పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లకు ఖర్చులో సగం కేంద్రమే భరించింది. పార్కు నిర్వహణలో చుట్టుపక్కల కాలనీవాళ్లకు భాగం ఉండాలని కూడా మార్గదర్శకాల్లో రాశారు. చాలా మంచి మాట. అయితే ఇలాంటి పథకం డబ్బుతో నడకదారి వస్తుంది, ఓపెన్ జిమ్ము వస్తుంది, బోరు పడుతుంది, మోటరు దిగుతుంది. మోటరు కాలితే వైండింగు ఎవరు చేయించాలి? మాలి మానేస్తే ఇంకొకరిని ఎవరు పెట్టాలి? అది పథకం చూసే పని కాదు. ఎండాకాలం బోరెండితే గడ్డి పోతుంది, గడ్డి పోయాక జనం రావడం మానేస్తారు, జనం రాని చోట చెత్త పడుతుంది. అప్పుడు ఆధునికీకరణ పేరుతో మళ్లీ ఒక అంచనా తయారవుతుంది. ఒకే పార్కును మళ్లీ మళ్లీ కొత్తగా కట్టుకోవడం పేద జిల్లాకు తగని ఖర్చు.

కాపాడుకోవడానికి ఎంత శ్రమ కావాలో పిల్లలమర్రి చూపించింది. ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే ఈ మర్రి మూడెకరాలకు పైగా ఊడలు దించి పరుచుకుంది. 2017 చివర్లో చెదలు తిన్న పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడేసరికి సందర్శకులను ఆపేశారు. తర్వాత క్లోర్‌పైరిఫాస్ కలిపిన నీళ్లను సెలైన్ సీసాల్లో పోసి, చెట్టుకు చుక్క చుక్కగా ఎక్కించారు. వాలిపోతున్న కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు. చెట్టు నిలబడింది. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన అమ్మాయిలను ఇక్కడికే తీసుకొచ్చి చూపించారు. ఆ చెట్టు బతికిందంటే విడవకుండా వైద్యం చేసినందుకే.

అప్పన్నపల్లి అడవిలో 2,087 ఎకరాల ఎకో పార్కు ఉంది, పెద్ద చెరువు కట్ట మీద ట్యాంక్‌బండ్ ఉంది. పేరున్న చోట్లకు ఏదో ఒక దారిన నిధులొస్తాయి. నా దిగులంతా గల్లీల్లోని చిన్న పార్కుల గురించి. ముసలివాళ్లు నడిచిపోగలిగేవి, కూలికి పోయిన తల్లుల పిల్లలు సాయంత్రం దాకా ఆడుకునేవి అవే. వాటికి టికెట్టు పెట్టకూడదు, పెట్టినా ఏమంత రాదు.

డబ్బు అసలు లేదనడానికీ లేదు. 2019 మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించమంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని కూడా పెట్టింది. అనుమతి లేని వెంచర్లలో ప్లాటు కొన్నవాళ్లు క్రమబద్ధీకరణ కింద ప్లాటు విలువలో 14 శాతం ఖాళీ స్థలం రుసుముగా కడుతున్నారు. పార్కుకు వదలాల్సిన జాగా వదలలేదు కాబట్టి కడుతున్న సొమ్మది. ఆ కాలనీల్లో ఇక కొత్త పార్కుకు చోటు లేదు. అలాంటప్పుడు ఆ డబ్బు పక్కన ఉన్న పార్కు మాలి జీతానికి, బోరు కరెంటు బిల్లుకు పోవడమే న్యాయం. ఆ సొమ్మును బ్యాంకులో వేసి, వడ్డీని మాత్రమే వాడాలి. ఏ వార్డులో ఎంత వసూలైందో, అందులో ఎంత ఏ పార్కుకు పోయిందో పార్కు గేటు దగ్గరే బోర్డు మీద రాయాలి. మన కొత్త కార్పొరేషన్ వచ్చే బడ్జెట్ రాసేటప్పుడు ఈ పద్దును మొదటి పేజీలోనే పెట్టమని ప్రతి వార్డు నుంచీ అడుగుదాం.